తొలిరసమూ, మిలట్రీ సంచీ

“నీళ్ళ సంచంటే నీళ్ళకే. అందులో చెరుకు రసం పోస్తానంటావేటే? రేపు నెయ్యి పోస్తానంటావు, ఎల్లుండి నన్ను మడిచి పెడతానంటావు” అంది మా అత్త.

“నువ్వు పట్టవులే అత్తా” అన్నాను. “కుండలో పంపితే పోయినేడు ఏటయిందో నువ్వే సెప్పేవు కదా. బండి గోతిలో పడింది, కుండ పగిలింది, రసం ఎడ్లు నాకేయి. పెద్దొదిన అత్తోరు ఇప్పటికీ మీతో మాటాడరు. సంచైతే పగలదు.”

“పగలదు. కంపు కొడతాది.”

“కడుగుతాను.”

“ఏటితో?”

“నీళ్ళతో.”

“మరదే సెప్తన్నాను, నీళ్ళకే అని” అని పొయ్యి వైపు తిరిగిపోయింది. ఆవిడతో మాటాడి నెగ్గిన వాళ్ళు మా ఇంట్లో అప్పటికింకా పుట్టలేదు.

ఆ రోజుల్లో ఇంట్లోకి కొత్త వస్తువొకటి దిగిందంటే దానికో పని చెప్పేదాకా మనుషులకి ముద్ద దిగేది కాదు. (ఇప్పుడు మీ ఇళ్ళు చూస్తన్నాను కదా, కొన్న వస్తువు అట్టపెట్టె లోంచి బయటికి రాకుండానే పాతబడిపోతోంది. తిట్టడం లేదు, చూస్తన్నాను అంటున్నాను.) ఆ సంచి తెచ్చినవాడు మా మావగారి తమ్ముడు. అందరికీ ఆయన మిలట్రీ చినమావ. యుద్ధం చేసేనంటాడు గానీ, తుపాకీ కంటే లారీ స్టీరింగే ఎక్కువ పట్టేడని మా మావగారు అనేవారు. సంచికి పైన ఆకుపచ్చ గుడ్డ, లోపల రబ్బరు, మూతికి మర తిప్పి బిగించే ఇత్తడి బిరడా. ఖాళీగా ఉంటే మడిచి చంకలో పెట్టుకోవచ్చు, నింపితే బిందెడు పడుతుంది. ‘ఇందులో పాలు పొయ్యండి, నూనె పొయ్యండి, సముద్రం పొయ్యండి, చుక్క కారితే నా పేరు మార్చెయ్యండి’ అని ఆయన చెప్పగా, పేరు మార్చే సరదాతో ఇంటిల్లిపాదీ పరీక్షలకి దిగేం.

మొదట నీళ్ళు పోసేం. చల్లగానే ఉన్నాయి గానీ, మా మావగారు ఒక్క గుక్క తాగి, సైకిలు చక్రం నాకినట్టుందన్నారు. నాలుగుసార్లు పోసి పారబోస్తే ఆ వాసన కొంత తగ్గింది. తరవాత చల్ల పోసేం. పొద్దుటికి రబ్బరు వాసన చల్లలోకీ, చల్ల వాసన రబ్బరులోకీ వెళ్ళి, రెండూ ఒకదాన్నొకటి వదల్లేదు. నూనె సంగతి మా అత్త తేల్చింది. సైకిలు ట్యూబు ముక్కొకటి నువ్వుల నూనెలో వేసి ఉట్టి మీద పెట్టింది. దించేసరికి అది నానిన మినపప్పులా ఉబ్బి, గోరు పెడితే ఊడొచ్చింది. నూనే, నెయ్యీ వద్దని అక్కడితో తీర్పయిపోయింది. కిరసనాయిలు మాటెత్తగానే చినమావే అడ్డుపడ్డాడు, రబ్బరు జిగురైపోతుందని. (మరి సముద్రం సంగతేటని ఎవరూ అడగలేదు. ఇంటి పరువు.) అలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వస్తే, మిగిలింది చెరుకు రసం. అది నాకు కావలసిందే.

ఎందుకంటే చోడవరంలో మా అత్తవారింట గానుగ కట్టిన రోజు, మొదట కారిన రసాన్ని ఆ ఏడు కొత్తగా కలిసిన వియ్యాలవారికి పంపాలి. అది చేరేదాకా బెల్లం పెనం కింద నిప్పు పెట్టరు. ఆ ఏడు కొత్త వియ్యాలవారంటే రావికమతంలో మా పుట్టింటివారే. అక్కడ మా చెల్లి పెళ్ళి దగ్గర పడింది. పసుపు దంపడం దగ్గర్నించీ ఉండాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. గానుగ రోజుల్లో కోడల్ని వదిలితే పనెవరు చేస్తారని మా అత్త. చివరికి ఆవిడే మెలిక పెట్టింది: “నీ సంచిలోనే పట్టుకెళ్ళు. రసం సెడకుండా సేరితే పెళ్ళి దాకా ఉండు. సెడిందా, పొద్దున్న బస్సుకి తిరిగొచ్చి పెనం కాడ కూకో.” నా వెనక సాయానికి చినమావని పంపింది.

సంచిని ఒక్క చెంబు నీళ్ళతో తొలిపేను. కుంకుడుకాయ వాడొచ్చు గానీ, తలకి పనికొచ్చేదాన్ని సంచికెందుకు తగలెయ్యడం అని ఊరుకున్నాను. (ఆ పొదుపు ఇప్పటికీ పోలేదు, పోనివ్వను కూడా.) రసం నిండా పోయించి, బిరడా నా బలమంతా పెట్టి తిప్పేను. కుండకైతే మూతికి వాసెన గుడ్డ కడతాం, దానికి ఊపిరాడుతుంది. నేను ఈ సంచికి చీమ తల దూరే సందు కూడా ఇవ్వలేదు.

బస్సు సగం దారిలో టైరు పేలి, ఎండలో కూలబడింది. సంచి ఒళ్ళో పెట్టుకుని, దుమ్మూ దిష్టీ తగలకుండా పైట కప్పి కూర్చున్నాను. కాసేపటికి ఒళ్ళో ఏదో కదిలినట్టయింది. ఇంకాసేపటికి పైట బిగిసింది. టైరు మార్చి బస్సు కదిలేసరికి నా చేతులు ముందు కలవడం మానేసేయి. పక్కనున్న ముసలామె నన్ను ఎగాదిగా చూసి, కిటికీ వైపు చోటిచ్చి, చింతకాయ ముక్క చేతిలో పెట్టి, “ఈ నెల్లో పెయానం ఏటమ్మా, మీ అత్తకి బుద్ధుండక్కర్లేదా” అంది. రెండో మాట నాకు నచ్చింది, అందుకని మొదటిది సరిదిద్దలేదు. చోడవరంలో ఒట్టి మనిషిగా ఎక్కినదాన్ని, రావికమతంలో నిండు చూలాలిలా దిగేను. మా అమ్మ గుమ్మంలో నన్ను చూసి, వేళ్ళ మీద నెలలు లెక్క కట్టడం మొదలెట్టింది.

తొలిరసం రుచి చూసి బాగోగులు చెప్పాల్సింది ఇంటికి పెద్ద, మా పెదనాన్న. ఊళ్ళో ఆయన పేరు నిషేధం పెదనాన్న. అప్పట్లో మా వైపు కల్లూ సారా నిషేధం. సర్కారు వారు చట్టం చేసి ఊరుకున్నారు గానీ, దాన్ని ఇంటింటికీ మోసినవాడు మా పెదనాన్నే. తాగినవాడు ఎదురైతే ఇంటికెళ్ళి మళ్ళీ స్నానం చేసేవాడు. ఆయన అరుగు మీద పీట వేయించుకుని, ఇరుగుపొరుగుని పిలిచి, తొలిరసం గొప్పతనం మీద నాలుగు ముక్కలు చెప్పి బిరడా తిప్పేడు.

బిరడా ఆయన చెవి పక్కనించి వెళ్ళి, గోడ మీది దేవుడి పటాన్ని కొట్టింది. వెనకాలే నురగ పొంగింది. చినమావ ఒక్కసారి గాలి పీల్చి, మొహం మాడ్చుకుని నా దగ్గరకొచ్చి, మొన్న సంతకెళ్ళినప్పుడు ఆ సంచిలో కాస్త కల్లు తెచ్చుకున్నాననీ, చంకలో పెట్టుకుంటే పోలీసులకి కనపడదనీ, కడగడం మాత్రం మరిచిపోయేననీ గొణిగేడు. కల్లు మడ్డికి తోడు బిగించిన మూత, ఆపైన ఎండ. లోపల ఏం తయారై ఉంటుందో వేరే చెప్పాలా. నోరెత్తితే పొద్దున్న బస్సు. నేను పైట సర్దుకుని ఊరుకున్నాను.

ముందు ఉద్ధరిణెడు దేవుడికి పోసేరు. ఆయన ఏమీ అనలేదు. (ఆయన ఎప్పుడు ఏమన్నాడు గనక.) తరవాత పెదనాన్న ఒక గ్లాసు తాగి, కళ్ళు మూసి తెరిచి, “ఏటే గుంటా, మీ సోడారం సెరుకులో ఇంత ఉసారుందేటి?” అని రెండో గ్లాసు తనే పోసుకున్నాడు. మూడోదానికి మద్యపానం చేటు మీద ఉపన్యాసం మొదలైంది. అరుగు మీద వాళ్ళకి ఒకసారి, కొట్టంలో గేదెకి ఒకసారి చెప్పి, గేదె తల ఆడించిందని కంటతడి పెట్టుకున్నాడు. చినమావని కావిలించుకుని, దేశానికి నీలాంటి సిపాయిలు కావాలన్నాడు. మా అమ్మ గ్లాసు వాసన చూసింది, నన్ను చూసింది, మిగిలిన రసం సంచితో సహా తీసుకెళ్ళి ఎక్కడో పెట్టింది. పారబొయ్యలేదు. నాకీ గుణాలు ఎక్కణ్ణించి వచ్చేయో మీకు తెలియాలి కదా.

ఇప్పుడు తలుచుకుంటే, పైట కింద నురగ కక్కే సంచి పట్టుకుని, పసుపు దంచడానికి అంత ఆత్రపడ్డ ఆ పిల్లంటే నాకు నవ్వొస్తుంది. దంపడం కోసం ఎవరైనా అంత తాపత్రయపడతారా. నాలుగు రోకళ్ళు ఒక లయలో పడుతుంటే పక్కన చెల్లి ఉండాలి, అంతే కావలసింది. ఇప్పుడు పసుపు పొట్లాల్లో వస్తోంది. ఆ పిల్ల కనిపిస్తే కుంకుడుకాయ దాచుకున్నందుకు మెచ్చుకుని, ఇంకో చెంబు నీళ్ళు పొయ్యమని మాత్రం చెబుతాను.

మర్నాడు పొద్దున్న చినమావ బస్సుకి తయారై, తన వదినకి, అంటే మా అత్తకి, ఏమని చెప్పమంటారని పెదనాన్నని అడిగేడు. నేను మూట కట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాను. పెదనాన్న నెత్తి మీద తడి తువ్వాలుంది. అరుగు మీద నిన్నటి ఇరుగుపొరుగంతా ఉన్నారు, ఆయన ఏమంటాడో వినాలని కొంచెం ముందే వచ్చేరు. రసం చెడిందంటే, నిన్న తను తాగిందేమిటో కూడా చెప్పాలి. ఆయన వాళ్ళని చూసేడు, నన్ను చూసేడు, చెయ్యి నుదుటికి పెట్టుకున్నాడు.

“సెడలేదని సెప్పు. కాస్త బలమైన రసమని సెప్పు” అన్నాడు.

చినమావ బస్సెక్కి వెళ్ళిపోయేడు. నేను మూట లోపల పెట్టి, పెరట్లోకెళ్ళి, చెల్లి పక్కన రోకలి అందుకున్నాను.