నరకం దగ్గర ఆపని మాస్టారు

మా ఇంగ్లీషు మాస్టారు పోయారు. పోయిన గురువారం ఉదయం ఏలూరు ఆసుపత్రి నుంచి ఆయన మేనల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. నేనప్పుడు పాఠాలు చెప్పే బడికి వెళ్తూ ఆకివీడు బస్సులో ఉన్నాను. వెంటనే ఏడుపు రాలేదు. ‘అయ్యో, మేమింకా స్వర్గం చదవనే లేదే’ అనుకున్నాను. ఇదేం మనిషిరా బాబూ అని మీరనుకునేలోపు అసలు సంగతి చెప్పేస్తాను.

తాడేపల్లిగూడెం కాలేజీలో నేను ఆయన విద్యార్థిని. రిటైరయ్యాక ఆయన ఆకివీడు వచ్చి, ఐసు ఫ్యాక్టరీ పక్కనున్న మేడ మీద అద్దెకు దిగారు. చేపల లారీల రొదలో ఈ పెద్దమనిషికి కాలక్షేపం ఏమిటా అని మేం బెంగపెట్టుకుంటే, ఆయన ఏకంగా పురాణం మొదలుపెట్టారు. అదీ మన పురాణం కాదు. ఏడు వందల ఏళ్ల కిందట ఇటలీలో ఒక కవి రాసిన భక్తి కావ్యం. ఆ కవి బతికుండగానే నరకం, పాపాలు కడుక్కునే కొండ, స్వర్గం తిరిగొచ్చానని చెబుతాడు. దారి చూపించేవాడు, ఎప్పుడో చనిపోయిన మరో పెద్ద కవి. ఆదివారం సాయంత్రాలు మాస్టారు చదివి అర్థం చెప్పేవారు. మధ్యలో ఇంగ్లీషు అనువాదం చూసి నేను అందుకునేదాన్ని. వినేది చేపల చెరువుల రైతులు కొందరు, వాళ్లలో ఒకాయన తల్లి. ఆవిడని అందరం మామ్మగారనే పిలుస్తాం.

మొదటి ఆదివారమే పేచీ వచ్చింది. కవి నరకద్వారం దాటి లోపల అడుగు పెట్టగానే మాస్టారు పుస్తకం మూశారు. ఎవరూ లేవలేదు.

“అక్కడాపేశారేంటండీ?” అన్నారు మామ్మగారు. “అశుభం దగ్గర పురాణం ఆపకూడదు కదండీ. ఆ బాబుని నరకంలో వదిలేసి మేం ఇంటికెళ్లి అన్నం ఎలా తింటామండీ?”

“ఇది పురాణం కాదండీ మామ్మగారూ, కావ్యం.”

“ఏదైతేనేంటండీ. పైకి తీసుకొచ్చి ఆపండి.”

మాస్టారు మొండిమనిషి. ఆ పూట దిగిరాలేదు. జనం గొణుక్కుంటూ మెట్లు దిగారు. కానీ మరుసటి ఆదివారం నన్ను పక్కకి పిలిచి, ముఖమంతా నవ్వుతో, “ఆ కవిగారు కూడా మామ్మగారి పక్షమేనమ్మా” అన్నారు. “మూడు భాగాలనీ నక్షత్రాలనే మాటతోనే ముగించాడు. నరకం చివర కూడా బయటికొచ్చి ఆకాశం చూస్తాడు. అది రచనలో అందం కోసమని ఇన్నేళ్లూ పాఠం చెప్పాను. వినేవాళ్లు ఇంటికెళ్లి అన్నం తినాలి కదా అని కూడా అయ్యుండొచ్చని నాకు తట్టలేదు.” ఆనాటి నుంచి ఎక్కడ ఆపినా, చివర్లో ఆ నరకం నుంచి బయటపడే ఘట్టం చదివి మంగళం పాడేవారు.

ఆయన ఇటాలియన్ సొంతంగా నేర్చుకున్నారు. ఉచ్చారణ మాత్రం అచ్చంగా గోదావరి జిల్లాదే. ఆ భాష రాని మా ముందు గంభీరంగా ఆ పద్యాలు చదివేవారు. మూడేసి పాదాల పద్యాలు. ఒక పద్యం నడిమి పాదం చివర వినిపించిన శబ్దమే తర్వాతి పద్యంలో మొదటి పాదం, మూడో పాదం చివర మళ్లీ వినిపిస్తుంది. మూడు పాయల జడలా వేళ్లు తిప్పుతూ చూపించేవారు. “ఎక్కడా తెగదు చూడండి. నడుస్తున్నవాడు ఆగకూడదని అలా అల్లాడు” అనేవారు.

నరకం అట్టడుగున నిప్పుంటుందని మేమంతా అనుకున్నాం. ఆ కావ్యంలో అక్కడ గడ్డకట్టిన సరస్సు ఉంటుంది. నమ్మినవాళ్లకి ద్రోహం చేసినవాళ్లు అందులో బిగుసుకుపోయి ఉంటారు. ఆ రోజు మాస్టారు కింద ఫ్యాక్టరీ నుంచి ఐసు తెప్పించి తలా ఒక ముక్క చేతిలో పెట్టి, చదవడం అయ్యేదాకా వదలొద్దన్నారు. నేను నాలుగు పద్యాలకే కిటికీలోంచి పారేశాను. “మంట అయితే కనీసం కదులుతుందండీ. ద్రోహి మనసులో ఏదీ కదలదు” అన్నారాయన, తడిచేతులు పంచెకు తుడుచుకుంటూ.

ఆయనకున్న కోరిక ఒక్కటే. “నరకం చదివి పుస్తకం మూసేసేవాళ్లే ఎక్కువమ్మా. మనవాళ్లు మాత్రం పైదాకా వెళ్లాలి” అనేవారు. మా చదువు ఆ పాపాలు కడుక్కునే కొండ కొసకి వచ్చేసరికి ఆయనకి ఊపిరి అందక ఏలూరు తీసుకెళ్లారు. చూడ్డానికి వెళ్లి, మీరొచ్చాక చదువుకుందాం లెండి అన్నాను.

“అంతదూరం వచ్చినవాళ్లని అక్కడ నిలబెట్టకమ్మా. మిగతాది నువ్వు చెప్పు.”

“స్వర్గం నాకు అర్థం కాదండీ.”

“నాకూ సగమేనమ్మా. మిగతా సగం వాళ్లని అడుగు.”

ఆయనంటే నాకు చాలా ఇష్టం. ఆ మాట ఆయనకి చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

మొన్న ఆదివారం ఎవరూ రారనుకున్నాను. అందరూ వచ్చారు. చదవాల్సిన ఘట్టం తెరిచాను. దారి చూపించిన ఆ పెద్ద కవి వెళ్లిపోయే ఘట్టం అది. ఏదో చెబుదామని మన కవి పక్కకి తిరుగుతాడు. ఆయన ఉండడు. వెళ్లొస్తానని కూడా అనలేదు. అక్కడిదాకా చదివి పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాను.

“ఆ పెద్దాయన ఎటెళ్లాడండీ?” అన్నారు మామ్మగారు మెల్లగా.

“వెనక్కండీ. ఈ కవిగారి మతం పుట్టకముందే పోయాడని ఆయన్ని స్వర్గంలోకి రానివ్వరు.”

“మరి ఈ అబ్బాయి అదంతా చూసొచ్చి ఎవరికి చెప్తాడండీ?”

పుస్తకంలో వెతకబోయి ఆగాను. జవాబు నా ఎదురుగానే కూర్చుని ఉంది.

“మనకేనండీ” అన్నాను.

“అయితే చెప్పండి.”

మామ్మగారు తన ప్లాస్టిక్ కుర్చీని నా దగ్గరికి జరుపుకున్నారు. ఆవిడ వెనకే ఒక్కొక్కరూ జరిగారు. నేను కళ్లు తుడుచుకుని పేజీ తిప్పాను.