తెడ్డు దాసీసిన మావ: నరసన్నపేట నుంచి శ్రీకూర్మం అవతల సముద్రం దాకా

అది కాదు బావా. నిన్న అన్నం కాడ నువ్వన్నావు సూడు, "టెన్తు మజ్జలో వదిలీసినోడివి, సంసారాల మీద రీసెర్చి సేస్తావేటిరా? ఆ మేడం సంచి మొయ్యి, సాలు" అని. నిన్న నోట్లో అన్నం ముద్ద ఉంది, ఊరుకున్నాను. ఇప్పుడు సెప్తన్నాను. నువ్వూ అక్కా అరుసుకున్నప్పుడల్లా నీ కొడుకు బండి తాళం తీసి హైవే ఎక్కుతన్నాడు. లారీల సందులోంచి పోతన్నాడు. ఏదో రోజు తిరిగి రాడేమోనని నాకు బయం. ఆ మాట సెప్పినందుకే కదా నన్ను ఎక్కిరించావు? సరే, ఇయ్యాల సంచి మొయ్యడానికే ఎల్లాను. ఏటైనాదో సదువు. ఇటేపు ఇలాంటి పని మీద వచ్చీవోలకి పనికొస్తాదని దారీ, కర్చూ కూడా రాస్తన్నాను.

నరసన్నపేటలో ఆరింటికి బస్సెక్కితే ముప్పావుగంటలో శ్రీకాకుళం కాంప్లెక్సు. టిక్కెట్టు నలబై లోపే. మేడం విజయనగరం నుంచి వచ్చి అక్కడ దిగారు. సోషల్ వర్క్ సదువుతన్నారు. మొగుడూ పెళ్లాల గొడవలకీ, ఆ ఇంటి కుర్రోల్ల దూకుడుకీ సంబందమేటి అన్నది ఆవిడ రీసెర్చి. దారి సూపడం, మన యాస అర్దమయ్యీలా సెప్పడం నా పని. ఇడ్లీ తినీసి శ్రీకూర్మం షేరాటో ఎక్కాం, మనిషికి ముప్పై. డ్రైవరు "గుడికేనా?" అన్నాడు. "కాదు, మొగుడూ పెళ్లాల గొడవలు రాసుకోడానికి" అన్నాను. "అయితే మా ఇంటికాడే దించుతాను. మా ఆవిడ మీ పుస్తకం నింపీగలదు" అన్నాడు. శ్రీకూర్మం వచ్చీదాకా మేడం నవ్వుతానే ఉన్నారు.

గుడి దాటి ఇంకో ఆటోలో సముద్రం ఒడ్డునున్న ఊరికి ఎల్లాం. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లూ మార్చీసాను. అది మేడం షరతు. తొమ్మిదికే దిగిపోయాం, అదే మా తప్పు. ఆ ఏలకి ఆడోలంతా సేపల గంపలెత్తుకుని అమ్మకానికి ఎల్లిపోయారు. మొగోలు వలలు బాగుసేసుకుంటన్నారు. ఎవుల్ని అడిగినా "మా ఊర్లో గొడవల్లేవమ్మా" అన్నదొకటే మాట. ఓ ముసలాయన మాత్రం "గొడవ పడాలంటే ఆవిడుండాలి కదమ్మా, ఆవిడొచ్చాక రా" అన్నాడు.

తాటాకు పాక కింద నలుగురు కుర్రోలున్నారు. మేడం కాయితం తీసి "తాగుతారా? బండి స్పీడుగా నడుపుతారా?" అని సదివారు. అన్నిటికీ "లేదండి", ఆనక ఒకడి మొకం ఒకడు సూసుకుని నవ్వు. "మేడం, ఆ కాయితం కాసేపు సంచిలో ఎట్టండి" అన్నాను. సొక్కా సెయ్యి మడిసి మోసేతి మీద మచ్చ సూపించాను. "మా అమ్మా నాయినా అరుసుకుంటే నాను బండెక్కీవోన్ని. ఇది అప్పటిదే. బడి మానీసిందీ అప్పుడే" అన్నాను. బావా, ఇది అక్కకి తెలుసు. నీకెప్పుడూ సెప్పలేదు.

అప్పుడు నోరిప్పాడు రాజులు అనీవోడు, పంతొమ్మిదేళ్లుంటాయి. "నాకు బండెక్కడిదన్నా? తెప్పుంది. ఇంట్లో మొదలైతే అలలు కూడా సూడకుండా ఒక్కన్నే తోసుకుని ఎల్లిపోయీవోన్ని."

"మరిప్పుడు?" అన్నాను.

"మా మావ తెడ్డు దాసీసాడు."

మజ్జాన్నం ఆ మావ పెళ్లాం పోలమ్మ కాలీ గంపతో వచ్చింది. మిగతాది ఆవిడే సెప్పింది. "ఓ తెడ్డు దాస్తే ఇంకోటి తెస్తాడు కదమ్మా. అందుకని మా ఇంట్లో ఆడికో కంచం ఎట్టాం. ఆలింట్లో గొంతులు లెగిస్తే మా ఇంటికొచ్చి కూకుంటాడు. ఏటైనాదని అడగం. అన్నమెడతాం, అంతే."

"గొడవకి కాదు మేడం, సేపల పులుసు వాసనకొస్తాడు" అన్నాడు మావ, వల మీంచి తలెత్తకుండా.

"నువ్వు ఊరుకో. పులుసుకి ఈదంతా తిరిగీది నువ్వు" అంది పోలమ్మ.

మేడం గబగబా రాసుకుంటా "ఇది నా ప్రశ్నల్లో లేనే లేదు" అన్నారు. ఆ పులుసు మాకూ ఎట్టారు. డబ్బులిస్తే కసిరింది.

మూడింటికి బయల్దేరాం. వచ్చీటప్పుడు బస్సులోంచి మేనల్లుడికి ఫోన్ సేసాను. "ఒరే, మీ ఇంట్లో మొదలైతే బండెక్కకు. నాకు ఫోన్ సెయ్. ఏటైనాదని అడగను, అన్నమెడతాను" అన్నాను. ఆడు "ఊఁ" అన్నాడు. ఆ ఒక్క "ఊఁ"కి నాకు కడుపు నిండిపోనాది. కిటికీ పక్కన కూకుని వరి సేలు సూసుకుంటా వచ్చాను. గొడవలు మానీయండని సెప్పడానికి నాను పెద్దోన్ని కాదు బావా. సెప్పినా మీరు మానరు. మీరు అరుసుకుంటన్నంతసేపూ ఆ గుంటడు ఎక్కడ కూకోవాలి అన్నదే నా బాద.

ఈ పని మీద ఎల్లీవోలకి ఒకటే మాట: సముద్రం ఊర్లకి పొద్దున్న పోకండి, గంపలు తిరిగొచ్చాక మజ్జాన్నం ఎల్లండి. మరొకటేటంటే బావా, నువ్వు...

ఉండు, ఫోను. మేనల్లుడే. "మావా, తాళం నా సేతిలోనే ఉన్నాది. ఎక్కలేదు. వస్తావా?" అంటన్నాడు.

ఎల్లాలి.