అలుగు కాడి ఇండ్లు

మా బస్తీకి కాగితాల మీద ఒక పేరుంది, ఆటోవాళ్లకు చెప్పే పేరు ఇంకొకటి. తార్నాక చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కి "అలుగు కాడ దిగుతా" అంటే చాలు, ఎక్కడ ఆపాలో వాళ్లకు తెలిసేది. అలుగు అంటే అలిగినవాళ్లు వచ్చి కూర్చునే చోటని చిన్నప్పుడు నేననుకునేదాన్ని. మా సందు మొదట్లో పొడవాటి రాతి అరుగు ఒకటుంది. దాని మీద ఎప్పుడు చూసినా ఎవరో ఒక ఆడమనిషి మూతి ముడుచుకుని కూర్చునే ఉండేది, కాబట్టి నా లెక్క నాకు సరిపోయింది. ఆ మాటకు అసలు అర్థం చాలా తర్వాత తెలిసింది. దాన్ని కాగితం మీద పెట్టింది నేనే.

మేముండేది పల్లంలో. ఒకవైపు యూనివర్సిటీ క్యాంపస్ గుండ్లు, ఇంకోవైపు తార్నాక మిట్ట. క్యాంపస్‌లో పెద్ద బండ ఎక్కితే దూరంగా మౌలాలి గుట్ట మీద దర్గా కనిపిస్తుంది, పడమటికి తిరిగితే వారాసిగూడ డాబాలు కనిపిస్తాయి, మా ఇల్లు మాత్రం కనిపించదు. బండ అంచుకు వచ్చి కిందికి వంగి చూడాలి. రెండు మిట్టల మధ్య అంబర్‌పేట్ దిక్కు పారే నాలా, నాలాకు రెండు పక్కలా మేము. పైన ప్రొఫెసర్లు, రిటైరైన ఆఫీసర్లు, లిఫ్టులున్న అపార్టుమెంట్లు. కింద, పాలమూరు నుంచి రాళ్లు కొట్టడానికి వచ్చినవాళ్లు, జనగామ, నల్లగొండ వైపు సేద్యం గిట్టక వచ్చినవాళ్లు. అవతలి గట్టున క్రిస్టియన్ కుటుంబాలు ఎక్కువ, ఇవతల బోనాలెత్తే ఇండ్లు ఎక్కువ. పండుగలు వేరు గానీ బురద అందరిదీ ఒకటే. మధ్యలో అక్కడక్కడా రేకుల గదులు అద్దెకు తీసుకుని ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు. పొద్దున్నే వాళ్లు టిఫిన్ డబ్బా పట్టుకుని పైకెక్కి లైబ్రరీలో కుర్చీ పట్టుకుంటారు. మా అమ్మ వాళ్లకంటే ముందే ఎక్కుతుంది. ఆమెకు హాస్టల్ మెస్సులో వంట పని.

వానంటే నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ భయం. పైన పడ్డ చినుకు పైన ఆగదు, మా గుమ్మం వెతుక్కుంటూ వస్తుంది. మబ్బు పట్టిందంటే అమ్మ బియ్యం డబ్బా అటకెక్కిస్తుంది. నేను నా సర్టిఫికెట్ల కవరు పట్టుకుని మంచం మీద కూర్చుంటాను. బంధువులు "ఆ గుంతల ఎందుకు, అమ్ముకొని పోండి" అంటారు. ఆ ఇల్లు మేస్త్రీ పని చేసిన మా నాన్న తన చేత్తో కట్టింది. ఊళ్లో భూమి ఎప్పుడో పోయింది, తర్వాత నాన్నా పోయాడు. ఆ రెండు గదులు కూడా పోతే మా అమ్మ ఎక్కడ నిలబడాలో నాకు తెలియదు.

జాగ్రఫీ ఎం.ఏ. రెండో ఏడాదిలో ప్రాజెక్టు రాయాల్సి వచ్చింది. "ఎక్కడికో పోవడమెందుకు, మీ పల్లాన్నే రాయమ్మా" అన్నారు మా సార్. నాకు రెక్కలొచ్చాయి. నోట్‌బుక్ పట్టుకుని అవతలి గట్టున ఉండే పెద్దమ్మ దగ్గరికి పోయాను. బంధువు కాదు, బస్తీలో అందరికంటే ముందొచ్చిన మనిషి, అందుకే అందరికీ పెద్దమ్మ. మధ్యాహ్నం పూట ఇవతలికి వచ్చి మా సందు మొదటి రాతి అరుగు మీదే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"అలుగు అంటే ఏంది పెద్దమ్మా?" అని అడిగాను.

"నువ్వు కూసున్నదే అలుగు. గీడ కుంట ఉండె బిడ్డా. కుంట నిండితే ఎక్కువైన నీళ్లు ఈ రాయి మీదికెల్లి దుంకుతుండె. నేను కొత్తల వచ్చినప్పుడు గీడనే బట్టలు పిండుకున్న. మీ ఇల్లున్న కాడ తుంగ ఉండె, బర్లు పండుకుంటుండె."

ఇన్నేళ్లూ కుంట నడుమ నిద్రపోయామని తెలిస్తే ఎవరికైనా భయం వేయాలి. నాకు సంతోషం వేసింది. పాత మనుషులందరినీ అడిగి కుంట అంచు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండేదో పట్టుకున్నాను. పెద్ద షీటు మీద నీలం రంగు చుక్కల గీత గీసి, లోపలికి వచ్చే ఇండ్లన్నీ చిన్న చిన్న డబ్బాలుగా పెట్టాను. గీత బయట రాతి బొమ్మ వేసి "అలుగు" అని రాసి, కింద నా పేరు కూడా రాసుకున్నాను. అతి తెలివి అంటే అదే. సార్ మెచ్చుకుని ఆ మ్యాపును డిపార్ట్‌మెంట్ వరండాలో బోర్డుకు పెట్టించారు. వచ్చిపోయేవాళ్లు దాన్ని ఫోన్లలో ఫోటో తీసుకున్నారు. నేనూ దాని పక్కన నిలబడి ఫోటో దిగాను.

ఆ వానాకాలం నాలా పొంగి మిట్ట కిందున్న అపార్టుమెంట్ల సెల్లారులోకి కూడా నీళ్లొచ్చాయి. మా ఇండ్లలోకి నీళ్లు ఎన్నేళ్లుగానో వస్తున్నా రాని మున్సిపాలిటీ మనుషులు అప్పుడొచ్చారు. ఒక పొద్దున ముగ్గురు సందులోకి దిగారు. ఒకరి చేతిలో టేపు, ఒకరి చేతిలో ఎర్ర పెయింటు డబ్బా. మూడో ఆయన ఫోన్‌లో ఏదో పెద్దది చేసి చూస్తూ మా గుమ్మం ముందు ఆగాడు. నేను తలుపు సందులోంచి చూశాను. ఆ ఫోన్‌లో నీలం చుక్కలు కనిపించాయి. నా చేతిరాత నాకు తెలియదా? తలుపు వెనకే నిలబడిపోయాను.

"అమ్మా, గీడ అలుగు ఏది?" అని ఆయన మా అమ్మను అడిగాడు.

ముప్పై ఏళ్లుగా ఆ పేరు చెప్పి ఆటో దిగే మనిషి మా అమ్మ. "అలుగా? గసొంటి మాట మేమెన్నడు ఇనలే సార్" అంది.

ఆయన అరుగు మీదున్న పెద్దమ్మ వైపు తిరిగాడు. ప్రతి ఆదివారం చర్చికి పోయే ఆ మనిషి "నాకు చెవులు ఇనపడయి నాయినా" అంది. ఆమెకు చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది.

"కుంటల కట్టిన ఇండ్లయితే తీసుడే అయితది. ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి" అని ఆయన మళ్లీ ఫోన్ చూశాడు. "ఈ మ్యాప్ గీసిన పిల్ల గీ బస్తీలనే ఉంటదట గదా?"

నేను తలుపును ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాను. నా ఎం.ఏ. గురించి మెస్సులో కూరగాయలు దింపే ఆయనకు కూడా చెప్పుకునే మా అమ్మ, ఆ రోజు తల కూడా తిప్పలేదు. "మా సందుల గంత సదివినోళ్లు ఎవ్వరు లేరు సార్" అంది. వాళ్లు గోడల మీద ఎర్రగా నంబర్లు వేసుకుంటూ నాలా వెంట దిగిపోయారు. మా గోడ మీదా ఒకటి పడింది. అమ్మ తడిగుడ్డతో తుడవబోయి, మళ్లీ ఎవరైనా చూస్తారని ఆగిపోయింది.

సెల్లారు గురించి అపార్టుమెంట్లవాళ్లు పెట్టిన ఫిర్యాదుతో ఎలాగూ వచ్చేవారేనని ఒక్కోసారి సర్ది చెప్పుకుంటాను. అది నిజమో కాదో నాకు తెలియదు. మ్యాపు తీసేయమని సార్‌ను అడిగితే "ఇంత మంచి వర్క్ ఎందుకు తీయాలి?" అన్నారు. మా గోడ మీద పడ్డ ఎర్ర నంబరు సంగతి చెప్పి ఉండాల్సింది, ఆ ధైర్యం లేకపోయింది. ఆయన క్లాసుకు వెళ్లాక నేనే పిన్నులు పీకి షీటు చుట్ట చుట్టి తెచ్చేసుకున్నాను. ఫోన్లలోకి పోయినదాన్ని ఏం చేయగలను?

ఆ తర్వాత సందులో ఎవరూ అలుగు అన్న మాట అనడం లేదు. పిల్లలు నోరు జారితే వీపు మీద పడుతోంది. ఆటోలో "ట్రాన్స్‌ఫార్మర్ కాడ దిగుతా" అంటున్నారు. ఎవరో రాతి అరుగు మీద సిమెంటు పూసి టైల్స్ కూడా వేయించారు. నేను దగ్గరికి పోతే పెద్దమ్మ చింతపండు చాట సర్దుకుని అవతలి గట్టుకు పోతుంది. వాన కంటే అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. మా వాళ్లు నన్ను చూసి మాట మింగుతున్నారు.

ఇండ్లు ఖాళీ చేయమనే నోటీసు ఇంకా రాలేదు. ఒక ఆదివారం మెస్సుకు సెలవు దొరికి అమ్మ ఇంట్లోనే ఉంది. "నీ పేపరు తే" అంది. ఎందుకని అడగకుండా మంచం మీద పరిచాను. ఆమెకు చదువు రాదు. నీలం చుక్కల వెంట వేలు పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పింది.

"మనిల్లు ఏడున్నది? గడ్డ మీదనా, నీళ్లల్లనా?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఆమె నాకోసం చెప్పింది కదా. కానీ ఆమె వేలు సరిగ్గా మా డబ్బా మీదే ఆగి ఉంది.

"నీళ్లల్లనే అమ్మా. నడిమిట్ల."

ఆమె కోపం తెచ్చుకోలేదు. షీటును మళ్లీ తనే చుట్టసాగింది.

"మీ నాయినకు ఎరుకనే. పునాది తవ్వంగ బుట్టెడు నత్తగుల్లలు ఎల్లినయ్. ఇది కుంటనే, ఎవ్వరికి చెప్పకు అన్నడు. అన్నిటిని ఏరి నాలాల పోసిన. గిన్నేండ్ల సంది ఎవ్వరికి చెప్పలే." దారం కోసం అటూ ఇటూ చూసి, దొరక్క, షీటును ఒళ్లో పెట్టుకుంది. "నీకన్న చెప్పవలసి ఉండె బిడ్డా. నాదే తప్పు."