రూప్లా గవ్వకు బంగారం హామీ

చర్ల అవతల అడవి అంచు తండాలో కిరాణా కొట్టు నడిపే రూప్లాకు ఒక్కటే తిక్క. కాయితాన్ని డబ్బంటే చచ్చినా ఒప్పుకోడు. ఎవరైనా నోటిస్తే చచ్చిన బల్లిని ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తుతాడు. మర్నాడు చర్ల పోయి దాన్ని ఉప్పూ పప్పూ చేసుకొచ్చేదాకా ఆయనకు అన్నం సయించదు.

"చెదలు తినేది డబ్బెట్లైతది? గోదారిల నానేది డబ్బెట్లైతది? బంగారాన్ని తినమను చూద్దాం!" పొద్దున్నే కొట్టు తెరుస్తూ ఆయన చదివే సుప్రభాతం ఇదే. పెద్ద నోట్లు రద్దయినప్పుడు తండా అంతా నెత్తిన చేతులు పెట్టుకుంటే, ఈయన పిల్లలకు బెల్లం పంచాడు.

మరి చిల్లరో? వాళ్ళమ్మ పాత లంబాడా రవికకున్న గవ్వలు ఊడదీసి, రెండు రూపాయలకో గవ్వ చొప్పున ఇచ్చేవాడు. దూలానికి తాళం వేసిన చెక్కపెట్టె ఒకటి వేలాడేది. "అమ్మ బంగారు పోగులు అండ్లున్నయ్. గవ్వ తెచ్చి అడిగినోనికి దాని విలువంత గీకిస్త" అనేవాడు. అడిగినవాడు లేడు. తండాలోనూ, పక్క కోయగూడెంలోనూ గవ్వ నిక్షేపంగా చెల్లేది.

వేలిముద్రల మిషను సంచీలో వేసుకుని, స్కూటీ మీద వచ్చి పింఛన్లిచ్చే బ్యాంకు మిత్ర సువర్ణకు మాత్రం ఒళ్ళు మండేది. ఈయన తిక్క కుదర్చాలని ఆమె పంతం.

"మామా, ఈ నూరు నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నరు మాట రాసిచ్చిండు. నూరు రూపాయలు చెల్లిస్త అని."

"అయితే చెల్లించు."

సువర్ణ ఇంకో నూరు నోటు తీసింది.

"ఇది గూడ మాటే గదా బిడ్డా! బువ్వడిగితే విస్తరి మార్చినట్టుంది!"

బిస్కెట్లు కొన్నప్పుడల్లా చిల్లర కింద ఆయనిచ్చే గవ్వను సువర్ణ బల్లమీదే పడేసి, విసవిసా వెళ్ళిపోయేది.

ఇంతలో లచ్చిరాం తండా మొదట్లో కొత్త కొట్టు పెట్టాడు. గోడకు ఫోన్ పైసల స్టిక్కరు కూడా అంటించాడు. సిగ్నల్ కావాలంటే నీళ్ళ ట్యాంకు ఎక్కాలి, అది వేరే సంగతి. బేరాలు రాకపోయేసరికి, "రూప్లా పెట్టె ఖాళీ. ఊపి చూడుండ్రి" అని పుకారు వదిలాడు.

సంత రోజు జనమంతా గవ్వలు కొంగున కట్టుకుని రూప్లా మీదికి వచ్చి పడ్డారు.

"బంగారమియ్యి! లేకుంటే కొట్టు మూసెయ్యి!"

తమాషా చూద్దామని సువర్ణ ముందు వరసలోనే నిలబడింది. రూప్లా పెట్టె దించి తాళం తీశాడు. లోపల వాగురాయి ఒకటుంది.

"అవ్, లేదు! ఏం జేస్తరు?" రూప్లా రొమ్ము విరిచాడు. "ఇన్నేండ్లల్ల ఎవలకన్న ఉప్పు తక్కువ జోకిన్నా? చెప్పుండ్రి!"

గొంతు గట్టిగానే ఉంది గానీ, ఆ రాయికే మళ్ళీ తాళం వేస్తున్నాడు. అది చూసి సువర్ణకు సరదా అంతా దిగిపోయింది. పాపం అనిపించింది.

కోయగూడెం పుల్లమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"నేను చెప్త."

"నోర్ముయ్ పుల్లమ్మా! ఒట్టేసినవ్!" రూప్లా అరిచాడు.

"ఒట్టు తీసి గట్టున పెట్టిన. వరదలప్పుడు నా కోడలికి కాన్పు కష్టమైతే పడవ కిరాయి, ట్రాక్టరు కిరాయి, భద్రాచలం దవాఖానా ఖర్సు, అన్నీ ఆ పోగులు అమ్మే కట్టిండు. ఎవలకన్న చెప్తే ఈ జన్మల నాకు ఉప్పు అమ్మనన్నడు." పుల్లమ్మ కొంగుముడి విప్పి గవ్వను బల్లమీద పెట్టింది. "అగ్గిపెట్టె ఇయ్యన్నా."

రూప్లా తల వంచుకుని అగ్గిపెట్టె తీసిచ్చాడు. తర్వాత ఇంకొకడు గవ్వ పెట్టి అగ్గిపెట్టె అడిగాడు. వాడి వెనక మరొకడు. బంగారం కోసం వచ్చినవాళ్ళంతా అగ్గిపెట్టెలు పట్టుకుపోయారు. ఆఖరి అగ్గిపెట్టె లచ్చిరాం కొన్నాడు.

జనం పలచబడ్డాక సువర్ణ అందుకుంది. "మామా, ఇన్నాళ్ళు నువ్వు నడిపింది ఉత్త మాటే గదా! గవర్నరు చేసిందే నువ్వూ చేసినవ్. ఒప్పుకో."

"ఎట్లొప్పుకుంట? ఆయన మాటిచ్చి ఏడనో ఉన్నడు. నేను మాటిచ్చి ఈడనే కూసున్న. ఎవలన్న వచ్చి అంగీ గల్లా పట్టుకోవచ్చు!"

నవ్వాపుకుంటూ సువర్ణ బిస్కెట్లకు నోటిచ్చింది. రూప్లా దాన్ని రెండు వేళ్ళతోనే ఎత్తి, చిల్లర కింద గవ్వను ఆమె ముందుకు తోశాడు.

సువర్ణ దాన్ని కొంగున ముడేసుకుని స్కూటీ ఎక్కింది.