తెగని దారం, కోడిమాంసం షేరు

పత్రిక నుంచి రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో కొంత షేర్లలో పెడదామనుకున్నాను. నా కంటపడింది మాంసం శుభ్రం చేసి, ముక్కలు కొట్టి, ప్యాకెట్లలో అమ్మే కంపెనీ. భవానీపురంలో మా వీధి మలుపులో వాళ్ల దుకాణం తెరిచి అప్పటికి ఏడాది దాటింది. గాజు తలుపు, లోపల ఏసీ, ఎక్కడా నెత్తుటి చుక్క కనబడదు. కంపెనీ నివేదిక తెప్పించుకుని చదివాను. ఉద్యోగమంతా ప్రెస్‌నోట్లు దిద్దినవాణ్ణి. ఇదీ ప్రెస్‌నోటేనని రెండో పేజీకే తెలిసిపోయింది.

మా తమ్ముడికి గవర్నర్‌పేటలో బట్టల కొట్టుంది. షేర్ల సంగతి నాకంటే వాడికే ఎక్కువ తెలుసు. వెళ్లి అడిగితే, పరిచిన చీరలు మడతపెట్టిస్తూనే చెప్పాడు.

"కాగితాల్లో ఏముంటుంది అన్నయ్యా. ఆ కంపెనీ ఎవడి కడుపు కొడుతుందో వాణ్ణి అడుగు. నీ చేతిలో నోట్‌బుక్కు చూస్తే ఎవడైనా చెబుతాడు."

ఎవణ్ణి అడగాలో నాకు తెలుసు. ప్యాకెట్ల దుకాణానికి నాలుగిళ్ల అవతల ఒక చికెన్ కొట్టుంది. ఇరవై ఏళ్లుగా ఆదివారం మా ఇంటికి మాంసం అక్కడినుంచే వచ్చేది. కొట్టతను క్రైస్తవుడు. పొద్దున్నే మొదటి ప్రార్థనకు వెళ్లొచ్చి, తెల్లచొక్కా విప్పి మేకుకు తగిలించి, కత్తి అందుకునేవాడు.

మంగళవారం రద్దీ ఉండదని ఆ రోజు వెళ్లాను. బల్ల మీద కూర్చుని నోట్‌బుక్కు తీశాను. ఎందుకు రాసుకుంటున్నానో నేను చెప్పలేదు, అతను అడగలేదు. మా వీధిలో నన్నింకా విలేకరిగానే చూస్తారు. విలేకరి నోట్‌బుక్కు తీశాడంటే పేపర్లో పడుతుందనే లెక్క. అతను చేతులు కడుక్కుని, జుట్టు దువ్వుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

ఏ ఇళ్లవాళ్లు రావడం మానేశారో, ఆదివారం పొద్దున తెచ్చిన కోళ్లలో ఎన్ని సాయంత్రానికి గంపలోనే మిగులుతున్నాయో అన్నీ చెప్పాడు. నేను పాత అలవాటు ప్రకారం తలూపుతూ, మధ్యలో మాట్లాడకుండా రాసుకున్నాను. మనం మౌనంగా ఉంటే ఎదుటివాడు ఆ ఖాళీ నింపడానికి ఇంకొంచెం చెబుతాడు. తర్వాత కార్తీక మాసం గురించి అడిగాను.

మావి చేనేత కుటుంబాలు. కార్తీకంలో మాంసం ముట్టం. ముట్టమంటే, వీధి చూస్తుండగా కొనం. అందుకని అతను చాలా ఏళ్ల కిందటే ఒక ఏర్పాటు చేశాడు. ఆ నెలలో మాంసాన్ని బట్టల కొట్టు సంచిలో పెట్టి ఇచ్చేవాడు. చూసినవాళ్లు చీరేదో కొన్నారనుకునేవారు. ఆ సంచులు మా తమ్ముడి కొట్టువి. ఏటా ఒక కట్ట నేనే దారంతో కట్టి తెచ్చి ఇచ్చేవాణ్ణి. ఆ సంచులు పట్టుకెళ్లినవాళ్లలో పెద్దమనుషులు చాలామందే ఉన్నారు. వాళ్లెవరో ఇన్నేళ్లలో అతని నోటి నుంచి ఒక్కసారి కూడా బయటికి రాలేదు.

మొన్నటి కార్తీకంలో సంచులు ఎన్ని ఖర్చయ్యాయని అడిగాను. అతను లోపలికెళ్లి కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మీరు కట్టిన దారం కట్టినట్టే ఉంది సార్. ఇప్పుడు ఫోన్లో నొక్కితే గుమ్మంలోకే వస్తందంట. పైన కోడి బొమ్మ కూడా ఉండదంట."

ఉండదు. ఆ కార్తీకంలో మా ఇంటికీ అలాగే వచ్చింది. ఆ సంగతి అతనికి తెలుసో లేదో నేను అడగలేదు. నివేదికలో దొరకని జవాబు నాకు ఆ తెగని దారంలో దొరికింది.

అప్పుడతను తన సంగతి చెప్పాడు. గది యజమాని ఇంకో మూడేళ్లకు సంతకం పెట్టి అడ్వాన్సు కట్టమంటున్నాడు, లేదంటే ఖాళీ చేయమంటున్నాడు. హనుమాన్ జంక్షన్ దగ్గర కోళ్లఫారంలో పని ఇప్పిస్తానని బావమరిది పిలుస్తున్నాడు.

"వెళ్లిపోదామనే అనుకున్నానండీ. ఇప్పుడు మీరు రాస్తున్నారు కదా. పేపర్లో పడితే జనం మళ్లీ వస్తారు. సంతకం పెట్టేస్తాను."

ఇది పేపరుకి కాదు అని ఒక్క మాటంటే సరిపోయేది. కానీ ఫారాల్లో కంపెనీవాళ్లు కోళ్లను ఎలా కొంటున్నారో ఇంకా అడగవలసి ఉంది. నిజం చెబితే అతను నోరు మూసుకుంటాడు. "చూద్దాం" అన్నాను. అబద్ధమాడకుండా మనిషిని ఆశలో ఉంచడానికి ఉద్యోగమంతా వాడుకున్న మాట అది. ఆ తర్వాత మిగిలినవి అడిగి రాసుకున్నాను. లేచేటప్పుడు అతను లివరు, కందనకాయలు కవర్లో వేసిచ్చి డబ్బు వద్దన్నాడు. తీసుకున్నాను.

మర్నాడు పొద్దున షేర్లు కొన్నాను.

వారం తిరక్కముందే ఆ కొట్టుకి కొత్త బోర్డు లేచింది. గోడలకు సున్నం వేయించాడు. రోజూ పొద్దున టీ బడ్డీ దగ్గర నిలబడి జిల్లా పేజీ ఆ చివర నుంచి ఈ చివరకు చూస్తుండేవాడు. నేను వాకింగ్‌కి ఆ దారి వదిలి కృష్ణ ఒడ్డు వైపు వెళ్లడం మొదలుపెట్టాను.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం ఇంటికి చుట్టాలొచ్చారు. ప్యాకెట్ల దుకాణంలో సరుకు అయిపోయిందన్నారు. ఇక తప్పక అతని కొట్టుకే వెళ్లి కిలో కొట్టమన్నాను. కోడిని తూస్తూ, ఫొటో తీసేవాళ్లు ఎప్పుడొస్తారని అడిగాడు. బోర్డు రంగు వెలిసిపోకముందే వస్తే బాగుంటుందన్నాడు.

ఎవరూ రారని చెప్పాను. రిటైరైపోయాననీ, ఆ రోజు అడిగినవన్నీ ఆ కంపెనీ షేరు కొనాలా వద్దా తేల్చుకోవడానికేననీ చెప్పాను.

ముక్కలు కొడుతున్నవాడు కత్తి మొద్దు మీద పెట్టాడు.

"కొన్నారా?"

"కొన్నాను."

"పెరిగిందా?"

"పెరిగింది."

"అయితే నేను చెప్పింది కరెక్టేనన్నమాట," అని మళ్లీ ముక్కలు కొట్టడం మొదలుపెట్టాడు.

మాంసం నల్ల కవర్లో వేసి నా చేతికివ్వబోయి ఆగాడు. లోపలికెళ్లాడు. దారం తెంపిన చప్పుడు వినబడింది. కవరుని మా తమ్ముడి కొట్టు సంచిలో పెట్టి తెచ్చాడు. కార్తీకానికి ఇంకా చాలా రోజులున్నాయన్నాను.

"ఉంచండి సార్. మీరు నా కొట్లో కొన్నారని ఎవరైనా చూస్తే ఎలా? షేరు పడిపోద్ది."

ఆ నెలాఖరుకి అతను గది ఖాళీ చేశాడు. మూడేళ్ల మాట తప్పాడని యజమాని అడ్వాన్సు తిరిగివ్వలేదట. కోళ్లఫారంలో పని అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారట. షేరు మాత్రం పడిపోలేదు. నేనింకా అమ్మలేదు.