రాతిని తొలిచే పళ్లు

ఏడో తరగతిలో షారోన్‌ను అందరి ముందూ అబద్ధాలకోరును చేసింది నేనే. ఇవాళ రాయదుర్గంలో, మా ఆఫీసు లాబీలోని ఉప్పునీటి అక్వేరియం ముందు నిలబడ్డప్పుడు అది గుర్తొచ్చింది. నల్లటి ముళ్ల బంతిలాంటి సముద్రజీవి, సీ అర్చిన్ ఒకటి రాయికి అతుక్కుని పాచి గీరి తింటోంది. అది కదిలిన చోటల్లా రాయి మీద దాని పళ్ల గాట్లు తెల్లగా మిగిలాయి.

షారోన్ భీమిలి నుంచి మా ఖాజాగూడ బడికి కొత్తగా వచ్చింది. ముళ్లు రాలిన అర్చిన్ పెంకును దూదిలో చుట్టి తెచ్చింది.

“మా తాత ఇచ్చాడు టీచర్. ఇది పళ్లతో రాయి తొలిచి, ఆ గుంటలోనే ఉంటుందండి” అంది.

మా నాన్న రాళ్లు కొట్టేవాడు. ఆయన చేతుల బొబ్బలు ఎరిగిన నాకు నవ్వొచ్చింది.

“మా నాయిన సుత్తెతోని పొద్దంత కొట్టినా రాయి పగల్తలేదు. గిది పండ్లతోని తొలుస్తదా? జర చూద్దాం తే!” అని విరామంలో పెంకు లాక్కుని బండకేసి గీకాను. గుడ్డు పెంకులా చితికిపోయింది. టీచర్ అడిగితే ఆమే జారవిడిచిందన్నాను. అది రాయి తొలుస్తుందన్నదీ, పెంకు నేను పగలగొట్టానన్నదీ అబద్ధమేనని ఆ ఏడాదంతా అబద్ధాల షారోన్ అనే పిలిచాం. ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు.

అలలకు కొట్టుకుపోకుండా ఆ జీవి ఏళ్ల తరబడి రాయిని గీరి గూడు చేసుకుంటుందని, అరిగిన పళ్లు మళ్లీ పెరుగుతాయని ఇవాళే చదివాను.

ఆమెకొక్కదానికే రాస్తే నాకు సులువు. కానీ ఆమెతో పాటు ఆనాడు నవ్వినవాళ్లంతా ఉన్న బడి వాట్సాప్ గ్రూపులోనే రాశాను: “షారోన్ చెప్పింది నిజం. పెంకు పగలగొట్టి, అబద్ధమాడింది నేను. క్షమించు, షారోన్.”