సొన కాల్చిన వేలిముద్ర

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకు వందనాలు. నేను ఆగిరిపల్లి తోటల్లో మామిడికాయలు కోసే మరియమ్మను. నాకు చదువు రాదు, నేను చెబుతుంటే మా సంఘం అయ్యగారు రాసి పెడుతున్నారు.

నా భర్త దావీదుకూ నాకూ పొసగక విడిపోయాం. తప్పంతా ఆయనదేనని చాలాకాలం చెప్పుకుని తిరిగాను గానీ నా నోరూ తక్కువది కాదు. ఆయన మలయాలో రబ్బరు తోటల పనికి వెళ్లాడు, ఐదేళ్ల మా రూతు నా దగ్గరే ఉంది. ఒక వేసవిలో సెలవుకు వచ్చి, బిడ్డకు గాజులు కొనిపెడతానని నూజివీడు తీసుకెళ్లినవాడు అటునుంచి అటే మద్రాసు వెళ్లి ఓడెక్కించేశాడు! నేను అన్నం మానేశాను, పగతో రగిలిపోయాను, మందిరంలో మోకరించి "ప్రభువా, ఆ ఓడ మునిగిపోవాలి" అని గట్టిగా ప్రార్థించాను. పక్కనే ఉన్న అయ్యగారి భార్య నా చెయ్యి పట్టుకుని, "ఏంటి మరియమ్మా ఆ ప్రార్థన? ఆ ఓడలో నీ బిడ్డ కూడా ఉంది కదే" అన్నారు. పగ పట్టినదానికి ఆ సంగతే తోచలేదు చూడండి! ఆ రోజు కరువుతీరా ఏడ్చి, ప్రార్థన మార్చుకున్నాను. "ప్రభువా, ఆ ఓడను క్షేమంగా చేర్చు. ఆయన్ని కూడా."

రెండేళ్లకు, తన తల్లికి జబ్బు చేసిందని ఆయన రూతును వెంటబెట్టుకుని వచ్చాడు. అయ్యగారు ప్లీడరును కుదిర్చి బందరు కోర్టులో అర్జీ వేయించారు. అప్పుడు ఆయన ఒక కాగితం చూపించాడు. బిడ్డను మలయాలో పెంచుకోమని నేనే ఇష్టపడి ఒప్పుకున్నట్టు రాసి ఉంది, కింద గీతలన్నీ తేటగా పడ్డ వేలిముద్ర, అది నాదట! నేను వేయలేదని మొత్తుకున్నాను. సరిచూడడానికి నా బొటనవేలికి సిరా రాసి వేయిస్తే మసక తప్ప ఒక్క గీతా పడలేదు. అవి కోతల రోజులు, కాయల సొన తగిలి మా కూలివాళ్ల వేళ్లు పొక్కి తోలు ఊడిపోతాయి. ముద్రను కావాలనే నలిపేస్తోందని అవతలి ప్లీడరు అన్నాడు. వేలు మానేదాకా ఆగుదామంటే వాళ్లు ఓడెక్కే రోజు దగ్గరపడింది, నా బిడ్డ ఇక నాకు దక్కదనుకున్నాను.

"ప్రభువా, నా వేలు కూడా నా పక్షాన సాక్ష్యం చెప్పడం లేదు, నువ్వే చెప్పు" అని కోర్టు మెట్ల మీదే ప్రార్థించాను. లేచేసరికి మనసు నెమ్మదించింది, ఒక మాట తట్టింది.

"అయ్యగారూ, ఆ కాగితం ఏ నెలలో రాసిందండీ?"

"బిడ్డను తీసుకెళ్లిన ఏటి మే నెలమ్మా."

మే అంటే కోతల నెల, అప్పుడు నా వేలిముద్ర అంత తేటగా ఎలా పడుతుందండీ! కూలి తీసుకుంటూ మేము వేలిముద్రలు వేసే ఆ ఏటి హాజరు పుస్తకాన్ని తోట షావుకారు దగ్గరనుంచి తెప్పించారు. ఆ నెలంతా నేను వేసిన ముద్రలన్నీ మసకే. జడ్జిగారు పుస్తకాన్నీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, బిడ్డను నాకు అప్పగించారు. నన్ను కాల్చిన సొననే నాకు సాక్షిగా నిలబెట్టిన దేవునికే మహిమ!

ఇంటికొచ్చాక రూతు నాన్న కావాలని వారం రోజులు ఏడ్చింది. కోర్టుకన్నా అదే నాకు కష్టమైంది. నేను గెలిచాను గానీ దానికి తండ్రి దూరమయ్యాడు. అందుకే ఇప్పుడు నెలనెలా దానిచేత ఆయనకు ఉత్తరం రాయిస్తున్నాను.

బిడ్డల కోసం కుమిలిపోతున్న తల్లులారా, తండ్రులారా, ముందు ఆ పగను ప్రభువు పాదాల దగ్గర దింపి ఆయన్ని నమ్మి చూడండి. మొన్న కోతల్లో రూతు రాసిన ఉత్తరం కింద, వాళ్ల నాన్న ఆరోగ్యం అడిగానని రాయించి, నేనూ వేలు వేశాను. మసకగా పడింది. అది నాదేనని ఆయనకు తెలుస్తుంది.